రెండు వారాల మిషన్ టీములు: పంపాలా, మానాలా?

తీర్మానం ఇది: "విదేశాలకు రెండు వారాల మిషన్ టీములను పంపడం మాని, ఆ ఖర్చంతా అక్కడి సంఘాలకే పంపాలి." తీర్మానం తరఫున అక్క మాట్లాడుతుంది. సువార్త, సేవ పనులకు సంఘాలు పంపే ఈ టీములను దించుకునే, అంటే ఆతిథ్యమిచ్చే దేశంలో పరిచర్య చూసుకునే మనిషి ఆమె. ఎదురు పక్షం తమ్ముడిది. టీముల్ని ఎంచి, తర్ఫీదిచ్చి పంపే బాధ్యత అతనిది.

అక్క: తీర్మానం నాది కాబట్టి లెక్కతో మొదలుపెడతాను. ఇరవైమంది టీం 14 రోజులు ఉంటే 840 భోజనాలు. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున తాగే నీళ్లే రోజుకు 60 లీటర్లు, అవి మరిగించాలి లేదా కొనాలి. ఆ రెండు వారాలూ పాస్టర్ గారే డ్రైవరు, దుబాసీ, పోలీసు స్టేషన్లో కాగితాలు చూపించే మనిషి. సంఘంలో ఎవరైనా మంచాన పడితే వెళ్లి ప్రార్థన చేసే తీరిక కూడా ఉండదు. ఇదేదీ టీం బడ్జెట్లో కనబడదు. కనబడే బడ్జెట్లో విమాన టిక్కెట్లదే పెద్ద వాటా. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను ముంచెత్తాక జరిగిన ఇళ్ల నిర్మాణాన్ని కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలించాడు. ఉత్తర అమెరికా టీం వచ్చి కట్టిన ఇంటికి ప్రయాణాలతో కలిపి దాదాపు 30,000 డాలర్లు అయింది. స్థానిక క్రైస్తవ సంస్థ కట్టిన ఇంటికి సుమారు 2,000 అయింది. ఆ ఇళ్లలో చేరిన కుటుంబాలను అడిగితే, ఎవరు కట్టారన్నదాన్ని బట్టి వాళ్ల జీవితాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు.

తమ్ముడు: లెక్క ఒప్పుకుంటాను అక్కా. దాన్నుంచి మీరు తేల్చింది మాత్రం ఒప్పుకోను. ఇల్లు కట్టడానికి టీమును పంపొద్దని ఆ లెక్క చెబుతోంది. మనిషినే పంపొద్దని చెప్పడం లేదు. బైబిల్లో ఫిలిప్పీ సంఘం చెరసాలలో ఉన్న అపొస్తలుడు పౌలుకు కానుక ఒక్కటే పంపలేదు, తమ మనిషి ఎపఫ్రొదితును కూడా పంపింది. ఆయన అక్కడ జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. ఖర్చు చూసుకుంటే అదీ నష్టమే. అయినా అలాంటివాళ్లను గౌరవించండని పౌలు తిరిగి రాశాడు. డబ్బు పంపితే అవసరం తీరుతుంది. మనిషి వెళ్తేనే రెండు సంఘాలు ఒకదాన్నొకటి ఎరుగుతాయి.

అక్క: ఎపఫ్రొదితు ఒక్కడే వెళ్లాడు, ఇరవైమందితో కాదు. పౌలు థెస్సలొనీకలో ఉన్నప్పటి నుంచీ ఫిలిప్పీ వాళ్లు ఆయనకు పంపుతూనే ఉన్నారు, కాబట్టి ఏం అవసరమో వాళ్లకు తెలుసు. ఈనాటి టీం అలా కాదు, తనకు చేతనైనది మోసుకొస్తుంది. నిర్మాణమే తీసుకో. ఇటుకపని రాని కుర్రాళ్లు మాలు పరవడానికి తేలికగా ఉంటుందని నీళ్లు ఎక్కువ పోస్తారు, బలం అక్కడే పోతుంది. గట్టిపడటం మొదలైన మాలులో మళ్లీ నీళ్లు పోసి కలుపుతారు, ఇది ఇంకా చేటు. ప్రతి వరసకూ రసమట్టం పెట్టి చూడరు, గుండు వేలాడదీసి నిలువు చూడరు. ఆరు వరసలు లేచేసరికి గోడ ఒరుగుతుంది. అసలు చిక్కు స్లాబు దగ్గర వస్తుంది. చేతిలో పని పూర్తయిందని చూపించుకోవాలి కాబట్టి వెళ్లే ముందు రోజు కాంక్రీటు పోస్తారు. దాన్ని కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి, దాని బలాన్ని 28వ రోజు లెక్కలో కడతారు. టీం విమానం ఎక్కాక తడిపేది ఎవరు? ఎండకు పైపొర బీటలు వారితే ఆ చెడ్డపేరు అక్కడి మేస్త్రీకి వస్తుంది. ఆ రెండు వారాలూ అతనికి కూలి కూడా ఉండదు, ఎందుకంటే అతని పని వీళ్లు ఉచితంగా చేశారు.

తమ్ముడు: ఇందులో వాదించడానికి నాకేమీ లేదు. నైపుణ్యం లేని చేతుల్ని కట్టడం పనికి పంపకూడదు. ఆ డబ్బుతో అక్కడి మేస్త్రీని పెట్టుకోవాలి, అంతే. కానీ ఇద్దరే ఇద్దరు వైద్యపరికరాల టెక్నీషియన్లు ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్లారనుకోండి. స్టోరురూములో మూలపడిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు (గాలి నుంచి ఆక్సిజన్ తీసేవి), ఆటోక్లేవులు (ఆవిరితో పరికరాలను శుద్ధిచేసేవి) ఉంటాయి. చాలావాటికి పెద్ద జబ్బేమీ ఉండదు, ఫిల్టరు పూడుకుపోయి ఉంటుంది లేదా మూత రబ్బరు అరిగి ఉంటుంది. ఇంకొన్ని 110 వోల్టుల దేశం నుంచి దానంగా వచ్చి, 220 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోయినవి. ఈ ఇద్దరూ పది రోజుల్లో బాగయ్యేవి బాగుచేసి, అక్కడి ఎలక్ట్రీషియన్‌తో అదే పని రెండుసార్లు చేయించి, విడిభాగాల జాబితా రాసిపెట్టి వస్తే అది దండగ ప్రయాణమా?

అక్క: కాదు. కానీ నువ్వు పంపే పది టీముల్లో అలాంటిది ఎన్నోది? ఎక్కువగా వచ్చేది మెడికల్ క్యాంపు. ఒక పూటలో మూడు వందలమందిని చూశామని రిపోర్టు రాస్తారు. బీపీ ఉందని చెప్పాలంటే వేర్వేరు రెండు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. క్యాంపులో చూసేది ఒక్కసారి, అదీ రెండు గంటలు ఎండలో నిలబడ్డ మనిషికి. చేతిలో ముప్పై మాత్రలు పెడతారు. ముప్పై ఒకటో రోజు సంగతేంటి? ఆ రోగి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. మందుల సంగతి మరీ ఘోరం. దానంగా వచ్చే మందు ఆ దేశంలో దిగేనాటికి గడువు తీరడానికి కనీసం ఒక ఏడాది ఉండాలని అదే సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సూట్‌కేసుల్లో వచ్చేవి మూడు నెలల్లో గడువు తీరే శాంపిళ్లు. చీటీ మీది భాష అక్కడి నర్సుకు రాదు.

తమ్ముడు: మరి దీన్ని ఇలా చేయొచ్చు కదా. క్యాంపు అన్న మాటే తీసేద్దాం. అక్కడి క్లినిక్ డాక్టరు పిలిస్తేనే, ఆయన కిందే పని. ఆ దేశంలో వైద్యం చేయడానికి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి, దానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి డిగ్రీ నకళ్లు ముందే పంపాలి. రాసేది క్లినిక్ రిజిస్టరులోనే. మందులు అక్కడి హోల్‌సేలులో, జనరిక్ పేరుతో, ఆ క్లినిక్ రోజూ వాడేవే కొనాలి. అప్పుడు ముప్పై ఒకటో రోజు రోగికి అదే తలుపు తెరిచి ఉంటుంది.

అక్క: ఇది నేను ఒప్పుకునే పద్ధతి. ఇక చట్టం సంగతికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ దెబ్బ తగిలేది మీకు కాదు, మాకు. టూరిస్టు వీసా మీద వచ్చి వీధిలో కరపత్రాలు పంచుతారు. నేపాల్‌లో 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం, అయిదేళ్ల దాకా జైలు. విదేశీయుడైతే శిక్ష అయ్యాక ఏడు రోజుల్లో దేశం దాటిస్తారు. అంటే అతను ఇంటికి చేరతాడు. అతన్ని దించుకున్న పాస్టర్ గారు అదే ఊళ్లో అదే పోలీసుల మధ్య బతకాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు వీసా ఫారం నింపే టీములు ఇంకా ఉన్నాయి తమ్ముడూ.

తమ్ముడు: అలాంటి టీమును పంపేవాడు ఆ పాస్టర్ గారికి ద్రోహం చేస్తున్నట్టే, అది నేను గట్టిగానే అంటాను. పని ఏదో ఆ పనికి సరిపడే వీసానే తీసుకోవాలి. అలాంటిది ఇవ్వని దేశానికి వాక్యం చెప్పే టీం వెళ్లకూడదు. వీధిలో ఏం చేయాలో, ఏం చేయకూడదో అక్కడి పెద్దలు రాసి ఇస్తారు, టీములో ప్రతి ఒక్కరూ దానికింద సంతకం పెట్టాలి. సంతకం పెట్టనివాడికి టిక్కెట్టు కొనకూడదు.

అక్క: పిల్లల హోములు?

తమ్ముడు: అక్కడ నేను మీ పక్షమే. ఆ హోముల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. సందర్శకులు, చందాలు వస్తున్నకొద్దీ పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి హోములు నింపే వ్యాపారం పెరిగింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఈ అనాథాశ్రమ పర్యాటకం వల్ల కలిగే హాని గురించి తన తీర్మానంలో చెప్పింది. 2010 జనవరిలో భూకంపం తర్వాత హైతీ నుంచి 33 మంది పిల్లల్ని కాగితాలు లేకుండా సరిహద్దు దాటించబోయి పదిమంది అమెరికన్ సంఘస్థులు అరెస్టయ్యారు. చాలామంది పిల్లలకు కన్నవాళ్లు ఉన్నారని తర్వాత తేలింది. మంచి మనసు ఉన్నంతమాత్రాన చట్టం తెలిసినట్టు కాదు. నా టీములు హోములకు వెళ్లవు. సంఘంలో పిల్లలతో వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) ఉంటే పోలీసు ధ్రువీకరణ ఉన్నవాళ్లే వెళ్తారు, ప్రతి గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారు, ఏ బిడ్డ ముఖమూ ఫొటోలో రాదు.

అక్క: సరే, మీ తర్ఫీదు సంగతి చెప్పు. నాకు తెలిసిన తర్ఫీదంటే మూడు శనివారాలు పాటలు, ఒక స్కిట్టు.

తమ్ముడు: ఆరు నెలలు కావాలి. పాస్‌పోర్టుకు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలల గడువుందా అన్నది మొదటి రోజే చూడాలి, చాలా దేశాలు లేకపోతే దింపవు. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్టు సూది వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది. మలేరియా ప్రాంతమైతే డాక్సీసైక్లిన్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం వదిలిన తర్వాత నాలుగు వారాలు వేసుకోవాలి. ఇక్కడే తప్పిపోతారు, ఇంటికి రాగానే మాత్రలు మానేస్తారు. తిరిగొచ్చిన ఏడాదిలోపు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పాలి. విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అన్నీ చెంచా అంచుకు సమంగా కొలిచి కలపాలి. వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం రోడ్డు. ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికుల ప్రాణాలు తీసేవాటిలో రోడ్డు ప్రమాదాలు ముందుంటాయి. అందుకని చీకటి పడ్డాక ప్రయాణం ఉండదు, బెల్టులేని సీట్లో ఎవరూ కూర్చోరు. టీములో ఎనిమిదిమందికి మించి ఉండరు. ఒక వ్యాను, ముగ్గురు నలుగురికి ఒక దుబాసీ.

అక్క: దుబాసీ మాట తెచ్చావు కాబట్టి అడుగుతాను. నలభై నిమిషాల ప్రసంగం అనువాదంతో ఎంత అవుతుంది?

తమ్ముడు: ఆ నలభై నిమిషాల్లో అనువాదం పోగా మిగిలేది ఇరవై నిమిషాల మాటే. దానికి సిద్ధపడనివాడు గంటన్నర లాగి జనాన్ని అలసిపోనిస్తాడు. వాక్యభాగాల జాబితా, ప్రసంగపు ముఖ్యాంశాలు వారం ముందే దుబాసీకి చేరాలి, ఆ భాషలోని బైబిల్లో ఆ వచనం ఎలా ఉందో ఆయన చూసుకోవాలి. ఒక్కో వాక్యం చెప్పి ఆగాలి. ప్రాసలు, శ్లేషలు, సొంత దేశపు రాజకీయాలు వద్దు. పాస్టర్లకు పాఠాలైతే పూటకు రెండు, ఇద్దరు దుబాసీలు మారుతూ ఉండాలి, రోజంతా ఒక్కరే చెబితే సాయంత్రానికి అర్థం జారిపోతుంది.

అక్క: ఇంత జాగ్రత్తగా పంపితే సగం నా మాట గెలిచినట్టే. కానీ పౌలు కొరింథులో ఏడాదిన్నర, ఎఫెసులో రెండేళ్లకు పైగా ఉన్నాడు. వెళ్లొచ్చినవాళ్ల జీవితం మారిపోతుందని చందాలు అడిగేటప్పుడు చెబుతారు. హోండురాస్‌కు వెళ్లొచ్చినవాళ్లను వెర్ బీక్ అడిగి చూస్తే, ప్రార్థనలోగానీ ఇచ్చే విషయంలోగానీ నిలిచిన మార్పు కొద్దిదే. ఎవరి మేలుకోసం వెళ్తున్నారో అదీ జరగక, వెళ్లినవాళ్ల మేలూ నిలవకపోతే ఇంకేం మిగిలింది?

తమ్ముడు: తిరిగొచ్చాక ఎవరూ పట్టించుకోకపోతే నిలవదు, నిజమే. వచ్చిన వారంలో ఒకసారి, నెలకోసారి, ఆరో నెలలో ఒకసారి కూర్చోబెట్టి అడగాలి. అక్కడి వాళ్ల కోసం ఏం ప్రార్థిస్తున్నావు, ఆ భాషలో ఎన్ని మాటలు నేర్చుకున్నావు, మళ్లీ వెళ్తావా లేక నీ స్థానంలో డబ్బు పంపుతావా అని. అమెరికాలో ఇలాంటి స్వల్పకాల మిషన్ టీముల కోసం 2003లో వచ్చిన ప్రమాణాల్లో కూడా ఈ తర్వాతి అనుసరణ ఒక ప్రమాణమే. అయితే నేను ఒకటి జోడిస్తాను. టీం పనికి మార్కులు వేసే ఫారం పంపినవాళ్ల దగ్గర ఉండకూడదు. దించుకున్న సంఘం చేతికి ఇవ్వాలి, వాళ్ల భాషలో, మన సంఘపెద్దలకే నేరుగా చేరేలా. మళ్లీ రావద్దు అన్న గడి కూడా అందులో ఉండాలి.

అక్క: ఆ గడిలో ఎవరూ టిక్కు పెట్టరు తమ్ముడూ. పెడితే చందా ఆగిపోతుందని భయం. నేను అడిగేది ఇది. ఈ ఏడాది మీరు రావద్దు అని మేం రాస్తే, టిక్కెట్ల కోసం పోగుచేసిన సొమ్ము మాకు వస్తుందా?

తమ్ముడు: ఇచ్చినవాళ్లు ఫలానా అమ్మాయి ప్రయాణం కోసమని ఇచ్చారు. తర్వాత మరో దానికి మళ్లిస్తే అది వాళ్లకిచ్చిన మాట తప్పడమే. కాబట్టి చందా అడిగే ఉత్తరం మీదే ముందుగా రాయాలి. దించుకునే సంఘం వద్దంటే ఈ సొమ్ము ఆ సంఘానికే వెళ్తుంది, ఇద్దరు లెక్కపెట్టి సంతకం చేసి పంపుతారు అని. కానుక విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలు తన జతపనివాడు తీతుతోపాటు మరో ఇద్దరిని పంపాడు కదా.

అక్క: ఆ రెండు వాక్యాలు ఉత్తరం మీద ఉన్న సంఘం టీమును నేను దించుకుంటాను. లేనివాళ్ల విషయంలో నా తీర్మానాన్ని ఓటుకు పెట్టండి.