ఆ కంప్యూటర్ గది ఎవరి కోసం?

చెన్నైలో మా అక్క కొడుకు చదివే సర్కారు బడిలో కంప్యూటర్ గది ఉంది, ఎప్పుడు చూసినా తాళమే! మానిటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అడిగితే "పాడైతే మా మీదకొస్తుందండీ" అంటారు. 2011లో తమిళనాడు ప్రభుత్వం ప్లస్ టూ పిల్లలకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది, మంచి పనే, కాదనను, కానీ యంత్రం చేతికిచ్చి ఊరుకుంటే చదువు దానంతటదే రాదు కదా, ముందు టీచర్లకు నేర్పించాలి, చెడిపోతే బాగుచేసే మనిషి ఉండాలి, కరెంటు పోతే ఏం చేయాలో ఎవరో ఒకరు చూసుకోవాలి. మావాడు పరీక్షలో మౌస్ బొమ్మ గీసి, భాగాలు రాసి మార్కులు తెచ్చుకున్నాడు. మౌస్ మాత్రం ఇంతవరకూ చేత్తో పట్టుకోలేదు. ఒళ్లు మండిపోతోంది. పదో తరగతి అయిపోవస్తోంది, వాడికి ఇంకెప్పుడు నేర్పిస్తారు?