ముగ్గురు నిపుణులు, ఒక ప్రశ్నావళి

వైద్యుడు వైద్యుల కోసమే పత్రం రాసినంత కాలం అతనికి మనశ్శాంతి ఉండదు. మందు మోతాదు దగ్గరో, రోగుల ఎంపిక దగ్గరో సాటి వైద్యుడెవరో తప్పక పట్టుకుంటాడు. భాషాబోధకుడి పరిస్థితీ అంతే; క్రియారూపాలను ఏ వరుసలో నేర్పాలన్న విషయం మీద ఇద్దరు బోధకులను ఏకాభిప్రాయానికి తేవడం కంటే కొత్త భాషను కనిపెట్టడం సులువు. విద్యాసాంకేతిక నిపుణుడి సంగతి చెప్పనే అక్కరలేదు, అతను పత్రం పూర్తిచేసే లోపే అతను పరీక్షించిన యాప్ పాతబడిపోతుంది. ఇన్ని కష్టాలకు విరుగుడుగా ఈ మూడు శాఖలనూ ఒకే పత్రంలో కలిపే పద్ధతి ఒకటి వాడుకలోకి వచ్చిందనీ, దాని ఘనతను విద్వల్లోకం ఇంకా తగినంతగా గుర్తించలేదనీ ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేస్తున్నాడు.

ఈ తరహా పత్రానికి శీర్షిక ఇంచుమించు ఇలా ఉంటుంది: "రోగుల భాషను నర్సులకు నేర్పడంలో మొబైల్ యాప్ ప్రభావం: ఒక మిశ్రమ పద్ధతి అధ్యయనం." దీన్ని అందుకున్న జర్నల్ సంపాదకుడు ధర్మం తప్పకుండా శాఖకొకరి చొప్పున ముగ్గురు సమీక్షకులను వెతుకుతాడు. వైద్యుడైన సమీక్షకుడు భాషాబోధన భాగం చదివి, తనకు అర్థం కాలేదు కాబట్టి అది లోతైనదని నిర్ణయిస్తాడు. భాషావేత్త గణాంకాల పట్టికలు కనబడగానే భక్తితో పేజీ తిప్పుతాడు. సాంకేతిక నిపుణుడికి ఆసుపత్రి గురించి తెలిసిందల్లా అక్కడ నిశ్శబ్దంగా ఉండాలన్నది ఒక్కటే, ఆ నియమాన్ని అతను సమీక్షలోనూ పాటిస్తాడు. ముగ్గురూ ఆమోదిస్తారు. లోపం ఎక్కడ జరిగిందని తరువాత ఎవరైనా అడిగితే, అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

ఇక పద్ధతి విషయానికి వద్దాం. యాప్ వాడిన నర్సుకు రోగి మాట అర్థమవుతున్నదా లేదా అని తెలుసుకోవడానికి, ఆమె రోగితో మాట్లాడుతుండగా పక్కన కూర్చుని వినడం అనే మోటు మార్గం ఒకటి ఉంది. దానికి సమయం పడుతుంది. పైగా ఫలితం ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేం. అందుచేత నాగరికమైన పరిశోధన ఆమె చేతికి ప్రశ్నావళి అందిస్తుంది. మనుషుల వైఖరులను కొలవడానికి రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన ఐదు మెట్ల కొలబద్దను, కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఉద్యోగులు ఎందుకు వాడతారో ఎందుకు వాడరో తెలుసుకోవడానికి ఫ్రెడ్ డేవిస్ 1989లో రూపొందించిన నమూనాను జోడిస్తే ప్రశ్నావళి సిద్ధమవుతుంది. యాప్ ఉపయోగకరమని మీకు అనిపిస్తున్నదా? వాడటం తేలిక అనిపిస్తున్నదా? రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి బయలుదేరిన నర్సు, తలుపు దగ్గర నిలబడి, అన్నింటికీ నాలుగో గడిలో టిక్కు పెట్టి వెళ్లిపోతుంది. దీన్ని వినియోగదారుల ఆమోదం అంటారు. ఆమె భాష నేర్చుకున్నదా అన్న ప్రశ్న ఈ నమూనాలో లేదు. ఉంటే అది భాషాపరీక్ష అవుతుంది, భాషాపరీక్షలో జనం తప్పే ప్రమాదం ఉంది.

ప్రశ్నావళి నమ్మదగినదేనా అని శంకించే అల్పవిశ్వాసుల కోసం లీ క్రాన్‌బాక్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన, జవాబులు ఒకదానితో ఒకటి ఎంతగా పొసగుతున్నాయో చెప్పే ఆల్ఫా గుణకం ఉండనే ఉంది. అది 0.7 దాటితే సమీక్షకుడు తల ఊపుతాడు. ఒక నర్సు అన్ని ప్రశ్నలకూ మూడు, ఇంకొకరు అన్నింటికీ నాలుగు, మరొకరు అన్నింటికీ ఐదు చొప్పున ప్రశ్నలు చదవకుండానే టిక్కులు పెట్టుకుంటూ పోయారనుకోండి, ఆల్ఫా ఏకంగా 1కి చేరుకుంటుంది. ఆలోచించి జవాబిచ్చే ఒక్క మనిషి చాలు, ఈ గుణకాన్ని పాడుచేయడానికి. అటువంటివారిని గుర్తించి ముందే పక్కన పెట్టడాన్ని దత్తాంశ శుద్ధి అంటారు.

అప్పటికీ ఫలితం రాకపోతే అధైర్యపడనక్కరలేదు. ప్రభావమేదీ లేకున్నా అలాంటి ఫలితం కేవలం యాదృచ్ఛికంగా రాగల అవకాశం నూటికి ఐదుకు మించకూడదంటూ గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ 1925లో అనువుగా ఉంటుందని సూచించిన 0.05 అనే గీత కాలక్రమంలో శిలాశాసనమైంది. ఏ ప్రభావమూ లేని చోట కూడా ఇరవై అంశాలను విడివిడిగా పరీక్షిస్తే, వాటిలో సగటున ఒకటి ఆ గీత దాటి ఇవతలికి వస్తుంది. మిగిలిన పందొమ్మిదింటినీ అనుబంధంలో పూడ్చి, ఆ ఒక్కదాన్నీ సారాంశంలో ఊరేగించాలి. ఈ మార్గం ఎంత దూరం తీసుకుపోగలదో చూపడానికి కొందరు నాడీశాస్త్రజ్ఞులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, మెదడులో చలనం కనిపెట్టారు; 2012లో దానికి, ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది. ఎన్ని పరీక్షలు చేశామన్నది పరిగణించి లెక్కను సరిదిద్దితే ఆ చలనం మాయమవుతుందని చెప్పడమే వారి ఉద్దేశం. ఉద్దేశాన్ని వదిలిపెట్టి ఉపాయాన్ని మాత్రం నేర్చుకున్నవారూ లేకపోలేదు.

భాషాభ్యాసానికి మూలమైన జ్ఞాపకశక్తి మీద తొలి ప్రయోగాలు చేసిన హెర్మన్ ఎబింగ్‌హాస్‌ను తలుచుకుంటే జాలి కలుగుతుంది. ఆయన 1885లో ప్రచురించిన పరిశోధనలో పాల్గొన్నది ఆయన ఒక్కడే. అర్థం లేని అక్షరాల గుంపులను తానే వల్లెవేసి, తానే మరిచిపోయి, ఇరవై నిమిషాల నుంచి ముప్పై ఒక్క రోజుల దాకా ఆగి ఆగి, తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో తానే లెక్కగట్టాడు. ఇవాళ ఆ పత్రం పంపితే పాల్గొన్నవారి సంఖ్య ఒకటి, సైద్ధాంతిక చట్రం శూన్యం, ప్రశ్నావళి లేదు అన్న మూడు కారణాలతో మర్నాటికే తిరిగొస్తుంది. ఆయన గీసిన మరపు రేఖ మాత్రం మళ్లీ మళ్లీ పరీక్షకు నిలుస్తూనే ఉంది. మన యాప్ అధ్యయనానికి అంత ఓపిక లేదు; పాఠం ముగిసిన వెంటనే, మాటలు ఇంకా నోట్లో ఉండగానే, తుది పరీక్ష పెడుతుంది. ముప్పై ఒక్క రోజులు ఆగితే గ్రాంటు ఆగదు.

విద్యాసాంకేతికతకు ఈ తొందర కొత్త కాదు. బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని, చలనచిత్రమే అన్నీ నేర్పుతుందని థామస్ ఎడిసన్ 1913లో ప్రకటించాడు. 1954లో మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ బోధనా యంత్రాన్ని ప్రదర్శించాడు. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే పెద్దమనిషి, సరుకులు మోసుకొచ్చిన లారీ వల్ల మన పోషణ మారనట్టే, పాఠాన్ని మోసుకొచ్చిన మాధ్యమం వల్ల చదువు మారదని రాసి విందులో తుమ్మినంత పని చేశాడు. 1999 నాటికి థామస్ రస్సెల్ 355 పరిశోధన నివేదికలను పోగేసి, తరగతి గదికీ దూరవిద్యకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని వాటన్నింటి సారమూ ఒకచోట పెట్టాడు. తేడా లేదన్న మాట అన్నిసార్లు తేలిన తరువాత కూడా తేడా కోసం వెతుకులాట ఆగలేదంటే, దాన్ని పట్టుదల అనాలి తప్ప వేరే మాట అనడం మర్యాద కాదు.

మూడు శాఖల్లోకీ, దెబ్బలు తిని కొంత బుద్ధి తెచ్చుకున్నది వైద్యమే. ఏమి కొలవబోతున్నారో రోగులను చేర్చుకోకముందే బహిరంగంగా నమోదు చేయకపోతే క్లినికల్ ట్రయల్‌ను ప్రచురించబోమని ప్రధాన వైద్య జర్నళ్ల సంపాదకులు 2005 నుంచి నియమం పెట్టుకున్నారు. గమ్మత్తు ఏమిటంటే, మన మూడు శాఖల పత్రం వైద్యం నుంచి తెల్లకోటును అరువు తెచ్చుకుంటుంది గానీ రిజిస్ట్రీని తెచ్చుకోదు. వైద్యులు కూడా మరీ అమాయకులేమీ కారు. పారాచూట్ వల్ల ప్రయోజనం లేదని, ఎవరికి అది ఇవ్వాలో చీటీ వేసినట్టు తేల్చే యాదృచ్ఛిక ప్రయోగంతో నిరూపించిన పత్రం 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది; 23 మంది దూకారు, ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎందుకంటే విమానం నేల మీదే నిలిచి ఉంది. అది కావాలని చేసిన పరిహాసం. దానికి ముందు 1994లో ఒక మధుమేహ జర్నల్, వక్రరేఖ కింది వైశాల్యాన్ని చిన్న చిన్న ట్రెపీజియంలుగా విడగొట్టి లెక్కించే పాత పాఠాన్ని సరికొత్త గణిత నమూనాగా ప్రచురించింది. అది పరిహాసం కాదు, దాన్ని వందల పత్రాలు ఉల్లేఖించాయి.

భాష విషయంలో ఇటీవలి ప్రగతి మరింత ముచ్చటైనది. నకలు పట్టే సాఫ్ట్‌వేర్ కళ్లు కప్పడానికి మాటమాటకూ పర్యాయపదం పెట్టే యంత్రాలు వచ్చాక, పత్రాల్లో కృత్రిమ మేధ "నకిలీ చైతన్యం"గా, రొమ్ము క్యాన్సర్ "వక్షఃస్థల ప్రమాదం"గా అవతరించాయి. గియోమ్ కబానాక్, ఆయన సహచరులు 2021లో ఇటువంటి వికృత పదబంధాలను ఏరి బయటపెట్టారు. పర్యాయపదాలన్నీ ఒకదాని బదులు ఒకటి వాడదగినవి కావని ఏ భాషాబోధకుడైనా మొదటి నెలలోనే చెబుతాడు. ఆ బోధకుడే సహరచయితగా ఉన్న పత్రాన్ని ఆ బోధకుడు చదివి ఉంటాడని అనుకోవడం మన పొరపాటు. 2023లో హిందావీ అనే ఒక్క ప్రచురణ సంస్థ 8,000కు పైగా పత్రాలను వెనక్కి తీసుకున్నది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న సమీక్షకులు అన్ని దూడలను ఎక్కడ కట్టారో ఊహించుకోవలసిందే.

ఇదంతా చెప్పి, ఈ మూడు శాఖలు కలిసే చోట అసలు పని జరగలేదంటే అన్యాయమవుతుంది. 2003లో గ్లెన్ ఫ్లోరెస్ బృందం అమెరికాలోని పిల్లల వైద్యశాలలో స్పానిష్ మాట్లాడే తల్లులకూ ఇంగ్లీషు మాట్లాడే వైద్యులకూ మధ్య దుబాసీలతో నడిచిన 13 సంభాషణలను టేపు మీద రికార్డు చేసి, ప్రతి మాటా రాసుకుని, తప్పులు లెక్కపెట్టింది. మొత్తం 396 తప్పులు తేలాయి, అంటే ఒక్కో సంభాషణకు సుమారు 31. వాటిలో 63 శాతం వైద్యపరంగా ముప్పు తేగలిగినవి. మందుల ఎలర్జీ గురించి వైద్యుడు అడిగిన ప్రశ్న దారిలోనే రాలిపోయింది. ముఖం మీది దద్దురుకు రాయమన్న పూత ఒళ్లంతా రాయమన్న మాటగా తల్లికి చేరింది. చెవి ఇన్ఫెక్షన్‌కు నోటితో తాగించవలసిన యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిలిన్‌ను రెండు చెవుల్లో పోయమని ఒక దుబాసీ చెప్పాడు. దుబాసీలుగా కూర్చున్నవారిలో పదకొండేళ్ల తోబుట్టువు కూడా ఉన్నది.

మన ప్రమాణాలతో చూస్తే ఆ పత్రంలో లోపాలు కోకొల్లలు. యాప్ లేదు. ఆమోద నమూనా లేదు. దుబాసీ తన సేవ పట్ల ఎంత సంతృప్తిగా ఉన్నాడో ఐదు మెట్ల మీద ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే పదకొండేళ్ల పిల్ల కూడా తప్పకుండా నాలుగో గడి నింపేది, ఆ 396 తప్పులు ఎవరి కంటా పడకుండా ఉండేవి. పక్కన కూర్చుని విన్నందువల్ల వచ్చిన చిక్కు అది.

ఈ అనర్థం మళ్లీ జరగకుండా మన మిశ్రమ పద్ధతి పకడ్బందీగా చూసుకుంటుంది. రోగులను చేరిస్తే నైతిక అనుమతికి నెలలు పడుతుంది కాబట్టి వారిని చేర్చదు, ఆ సంగతిని పరిమితుల కింద ఒక వాక్యంలో ఒప్పుకుంటుంది, మరిన్ని అధ్యయనాలు అవసరమని ముగిస్తుంది. కొన్ని వైద్య జర్నళ్లు అధ్యయన రూపకల్పనలో రోగుల పాత్ర ఏమిటో తెలపమని ఈమధ్య ఒక గడి పెట్టాయి. వైద్యుడు, భాషావేత్త, సాంకేతిక నిపుణుడు ముగ్గురూ ఏకాభిప్రాయంతో అందులో "లేదు" అని నింపుతారు. పత్రం మొత్తంలో ఆ ముగ్గురికీ పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే.