మాత్రలు మానేయమనే ఆ సందేశానికి జవాబు

ఈ నెలలో ఆ సందేశం నాకు రావడం ఇది నాలుగోసారి. "కుంగుబాటు జబ్బు కాదు, తిండిలో తప్పు. మనసును ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. తెల్లన్నం మాని పరగడుపున రెండు అరటిపండ్లు తినే ఉద్యోగికి మాత్రలతో పని లేదు" అని దాని సారాంశం. పంపినవారందరూ నా మేలు కోరేవారే కనుక ఊరుకోలేకపోతున్నాను.

సెరటోనిన్ లెక్క నిజమే. కానీ పేగుల్లో తయారైనదీ, అరటిపండులో ఉన్నదీ రక్తం నుంచి మెదడులోకి చేరవు. మెదడు తనకు కావలసినది తానే తయారుచేసుకుంటుంది. తెల్లన్నమే కుంగుబాటుకు మూలమని ఎవరూ తేల్చలేదు.

ఇక మాత్రల మాట. రాత్రి షిఫ్టులో పనిచేసే మా పిన్ని కొడుకు, ఎనిమిది నెలల మందులతో కుదుటపడినవాడు, ఈ సందేశం చదివి ఒక్కరోజులో వాటిని ఆపేశాడు. మూడో రోజుకు తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనడం, నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. మూడు వారాలకు పాత జబ్బే తిరగబెట్టింది. తెల్లవారి ఇంటికొచ్చిన డబ్బా మూత తీస్తే చిక్కుడుకాయ కూర పెట్టింది పెట్టినట్టే ఉండేది. తిండి మానేశాడు కాబట్టే ఇలా అయ్యాడని చుట్టాలు అన్నారు. ఇలా అయ్యాడు కాబట్టే వాడికి తిండి సహించలేదు. మందు మానాలన్నా మోతాదును మెల్లమెల్లగా తగ్గించవలసింది డాక్టరే. 2015-16 జాతీయ సర్వేలో కుంగుబాటు ఉన్నవారిలో నూటికి 80 మందికి పైగా వైద్యమే అందడం లేదని తేలిన దేశంలో, అందుతున్న ఆ కొద్దిమందినీ మాన్పించడానికి మీకు చేతులెలా వచ్చాయి?

తిండికీ మనసుకూ సంబంధమే లేదని నేనూ వాదించేదాన్ని, అది తప్పు. 2017లో ఆస్ట్రేలియాలో 67 మందితో జరిగిన పరీక్షలో, 12 వారాలు ఆహారం మార్చుకున్నవారిలో దాదాపు మూడోవంతు మంది తేరుకున్నారు, ఆహారం మార్చుకోని రెండో జట్టులో 8 శాతమే. అయితే వారిలో ఎక్కువమంది అప్పటికే వైద్యం పొందుతున్నవారు. ఆహారం దానికి తోడైంది. 2022లో బోస్టన్‌లో 19 మందితో రాత్రి షిఫ్టును పోలిన ప్రయోగం చేస్తే, రాత్రివేళ తిన్నవారిలో కుంగుబాటు లక్షణాలు 26 శాతం పెరిగాయి, పగలే తిన్నవారిలో పెరగలేదు. మా తమ్ముడి డాక్టరు కూడా బి12 విటమిన్ పరీక్ష రాసి, అర్ధరాత్రి బిరియానీ మాన్పించి, డ్యూటీకి ముందే భోంచేయమన్నారు. మాత్రలు మాత్రం మళ్లీ మొదలుపెట్టించారు.

ఇకపై ఎవరికైనా ఏదైనా పంపాలనిపిస్తే 14416 పంపండి. అది మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ ఉచిత ఫోన్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.