పదహారు శాతం ఓట్లున్నా ప్రజారాజ్యం ఎందుకు నిలబడలేదు?

2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రారంభించిన తిరుపతి సభకు వచ్చిన జనాన్ని చూసి 1983 నాటి ఎన్టీఆర్ గెలుపు రిపీట్ అవుతుందనుకున్నవాళ్లు తక్కువేం కాదు. ఎనిమిది నెలల్లో ఎన్నికలొచ్చాయి. 294 అసెంబ్లీ స్థానాల్లో ప్రజారాజ్యానికి దక్కినవి 18. లోక్‌సభలో సున్నా. చిరంజీవి తిరుపతిలో గెలిచారు గానీ, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు.

టికెట్లు అమ్ముకున్నారన్న ఆరోపణే ముంచిందని ఇప్పటికీ అంటారు. దాని దెబ్బ తగల్లేదనను. కానీ అంకెలు ఇంకో మాట చెబుతాయి. ప్రజారాజ్యానికి సుమారు 16 శాతం ఓట్లొచ్చాయి. టీడీపీ, వామపక్షాలతో కలిసి మహాకూటమి పొత్తులో కొన్ని సీట్లకే పోటీ చేసిన టీఆర్ఎస్‌కు దాదాపు 4 శాతమే వచ్చినా, పది సీట్లు గెలిచింది. ప్రజారాజ్యం ఓటు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంది. తెలంగాణలో బాల్కొండ, నిర్మల్ దక్కడమే గొప్ప.

ఎన్టీఆర్‌తో పోలికే అసలు పొరపాటు. 1983లో కాంగ్రెస్‌కు ఎదురు నిలిచే పార్టీ రాష్ట్రంలో లేదు. 2009లో ఆ చోట చంద్రబాబు ఉన్నారు. అటు వైఎస్ దగ్గర ఆరోగ్యశ్రీ, ఉచిత కరెంటు ఉన్నాయి. కాంగ్రెస్ ఓటు 2004 కంటే తగ్గినా అధికారం నిలిచిందంటే, వ్యతిరేక ఓటు చీలినందుకే.

ఓడినా ఇంత ఓటున్న పార్టీ నిలబడొచ్చు. ఇక్కడ హీరోకీ అభిమానికీ మధ్య మండల స్థాయి కేడర్ తయారు కాలేదు. టికెట్ కోసం వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయారు. నవ తెలంగాణ పార్టీని తెచ్చి కలిపిన దేవేందర్ గౌడ్ ఎన్నికలు కాగానే టీడీపీకి తిరిగెళ్లారు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం చేసిన 2009 డిసెంబర్ 9 ప్రకటన తర్వాత, ‘సామాజిక తెలంగాణ’ అన్న పార్టీ కొద్దిరోజుల్లోనే సమైక్యాంధ్ర అంది. తెలంగాణలో దుకాణం అప్పుడే మూతపడింది.

2010 చివర్లో జగన్ బయటికి వెళ్లాక కాంగ్రెస్‌కు ఎమ్మెల్యేల లెక్క టెన్షన్ పట్టుకుంది. ఈ 18 మందికి అంత విలువ మళ్లీ ఎప్పుడూ రాదని చిరంజీవికి తెలుసనే నా అనుమానం. 2011 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌లో విలీనం ప్రకటించారు. 2012లో ఆయన రాజ్యసభకు వెళ్లి, కేంద్రమంత్రి కూడా అయ్యారు. ఊళ్లలో జెండా దిమ్మె కట్టినవాళ్లకు ఏం దక్కిందో ఎవరూ అడగలేదు.

తమ్ముడు పవన్ కల్యాణ్ కూడా 2019లో అదే దారిన వెళ్లి రెండుచోట్లా ఓడారు, జనసేనకు ఒక్క సీటొచ్చింది. 2024లో మాత్రం టీడీపీ, బీజేపీలతో పొత్తులో 21 అసెంబ్లీ సీట్లే తీసుకున్నారు. అంత తక్కువకు ఒప్పుకున్నారని సొంత అభిమానులే అలిగారు. ఆ 21 సీట్లూ గెలిచారు.