అరగంట ఓగల్

ఆవిడ: ఏమండీ, ఫ్యామిలీ గ్రూపులో మా వదిన ఫోటో కింద ఏం రాశారు?

ఆయన: మెచ్చుకున్నానే! పాత పెళ్లిఫోటో పెట్టింది కదా, "అక్కయ్యగారిని అరగంటసేపు ఓగల్ చేశాను" అని ఇంగ్లీషులో కొట్టాను.

ఆవిడ: ఓగల్ అంటే ఏమిటో తెలుసా?

ఆయన: రెప్ప వాల్చకుండా చూడటం. డిక్షనరీ చూసే రాశాను.

ఆవిడ: సగం చూశారు. పసిపిల్లాణ్ణి మురిసిపోతూ చూస్తే గేజ్. ముక్కూమొహం తెలియని మనిషిని గుచ్చిగుచ్చి చూస్తే స్టేర్. నోరెళ్లబెట్టి చూస్తే గేప్. కంటపడ్డ ఆడదాన్నల్లా ఎగాదిగా, చొంగ కార్చుకుంటూ చూస్తారే, అదండీ ఓగల్!

ఆయన: (గతుక్కుమని) చొంగ కూడా ఉందా అందులో?

ఆవిడ: వరసకి అక్కయ్యే మనిషిని! అదీ అరగంట!

ఆయన: పుట్టుక చూస్తే తప్పేం లేదే. డచ్చిలో కన్నుని ఓఖ్ అంటారు. దానికి చుట్టమే ఇది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది.

ఆవిడ: కన్ను మంచిదే. చూపుకే బుద్ధి లేదు.

ఆయన: మరి నువ్విప్పుడు నన్ను చూస్తున్నదో?

ఆవిడ: గ్లేర్. కొరకొరా చూడటం.

ఆయన: ఎదురుబండి లైటు కళ్లల్లో కొడితే కూడా గ్లేర్ అంటారుగా?

ఆవిడ: ఆ మాట మొదట మెరుపుకే. కోపం తర్వాత ఎక్కింది. మనవాళ్ల కళ్లు నిప్పులు కక్కవూ, అలాగే.

ఆయన: మెరుపా! బాగుంది. అయినా బావగారు బొటనవేలు పెట్టారు, చూశావా?

ఆవిడ: అన్నయ్య దేనికైనా బొటనవేలే పెడతాడు. ఇంగ్లీషొచ్చింది వదినకి. ముందది తీసెయ్యండి.

ఆయన: తీసేస్తే ఏదో దాచినట్టుంటుంది. దిద్దుతాను.

(ఒక్క వేలితో రెండు నిమిషాలు టైపు చేశాడు.)

ఆయన: అయిపోయింది. "క్షమించండి అక్కయ్యగారూ, ఓగల్ కాదు. మీ ఫోటోని అరగంటసేపు గ్లేర్ చేశాను."

ఆవిడ: గ్లేరా? అయ్యో నా ఖర్మ!

ఆయన: ఫోటో మెరిసిపోతోందని! మెరుపన్నది నువ్వేగా?

(ఫోన్ మోగింది. తెర మీద వదిన పేరు. ఇద్దరూ కదలకుండా దానివంకే చూస్తున్నారు.)

ఆయన: (గుసగుసగా) ఇదేమంటారు?

ఆవిడ: స్టేర్. ఫోన్ ఎత్తండి.