నెల అద్దెను మింగేస్తున్న రోజు అద్దె

పర్యాటకులకు రోజుల లెక్కన ఇచ్చే ఇళ్ల వల్ల అద్దెలు పెరుగుతున్నాయా అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ, ఆ ఇళ్లను ఆన్‌లైన్‌లో బుక్ చేసిపెట్టే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి ప్లాట్‌ఫామ్‌లు ఒకే వాదన వినిపిస్తాయి. నగరంలోని మొత్తం ఇళ్లలో మా సైట్లలో అద్దెకు పెట్టినవి (లిస్టింగులు) ఒక శాతం కూడా లేవు, నేరం మాది ఎలా అవుతుంది అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ భాగహారంలో హారమే తప్పు.

ఇల్లు వెతుక్కునేవాళ్లకు నగరంలోని మొత్తం ఇళ్లతో పనిలేదు. వాటిలో ఇప్పటికే ఎవరో కాపురం ఉంటున్నారు. వాళ్లకు కావాల్సింది ఈ నెల ఖాళీ అయి, టు-లెట్ బోర్డు కట్టిన ఇల్లు. న్యూయార్క్‌నే చూడండి. 2023 నాటి నగర గృహ సర్వే ప్రకారం అక్కడ సుమారు 37 లక్షల ఇళ్లున్నాయి. అద్దెకు సిద్ధంగా ఖాళీగా ఉన్నవి మాత్రం 33,210. అంటే అద్దె ఇళ్లలో 1.41 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో రోజు అద్దెల మీద నగర చట్టం కట్టడి మొదలయ్యే ముందు నగరంలో ఎయిర్‌బీఎన్‌బీ స్వల్పకాలిక లిస్టింగులు దాదాపు 22 వేలు. 37 లక్షలతో పోలిస్తే ఇవి 0.6 శాతమే. 33 వేలతో పోలిస్తే మూడింట రెండు వంతులు! సగం లిస్టింగులు ఇంటివాళ్లు ఉంటూనే ఇచ్చే విడి గదులని తీసేద్దాం. మిగిలిన 11 వేలు కూడా ఖాళీ ఇళ్లలో మూడో వంతుకు సమానం. అద్దె తేలేది ఈ చిన్న కుప్ప దగ్గరే. ఇందులోంచి వెయ్యి ఇళ్లు తీసినా ఆ దెబ్బ మిగతా అద్దె ఇళ్లకూ తగులుతుంది. ఒప్పందం ముగిసి పునరుద్ధరణకు వచ్చిన పాత కిరాయిదారుడికి, అద్దె నియంత్రణ లేనిచోట, ఓనరు చూపించేది ఈ ఖాళీ ఇళ్ల రేటే కదా.

సగటు అంకెలు ఈ దెబ్బను దాచేస్తాయి. బార్సిలోనాపై 2020లో వచ్చిన ఆర్థిక పరిశోధన చూడండి. ఎయిర్‌బీఎన్‌బీ వల్ల సగటు పేటలో అద్దె పెరిగింది 1.9 శాతమే. లిస్టింగులు బాగా దట్టంగా ఉన్న పేటల్లో మాత్రం 7 శాతం. నగరమంతటికీ కలిపి 'స్వల్ప ప్రభావం' అని రాసుకోవచ్చు గానీ, ఆ పేటల్లో ఉండేవాడు కట్టేది సగటు అద్దె కాదు.

ఇంతకీ ఓనరు నెల అద్దె వదిలి రోజు అద్దెకు ఎందుకు మారతాడు? ఆశ అనేస్తే సరిపోదు, దాని వెనక లెక్క ఉంది. ఒక రోజు అద్దె నెల అద్దెలో పదో వంతు అనుకుందాం. పైపైన చూస్తే నెలకు పది రోజులు నిండితే చాలు. కానీ ప్లాట్‌ఫామ్ కమీషన్, అతిథి మారినప్పుడల్లా శుభ్రం చేయించే కూలి, దుప్పట్లు తువ్వాళ్ల ఉతుకు, కరెంటు, ఇంటర్నెట్, సామాను అరుగుదల, తాళాలు అప్పగించే మేనేజ్‌మెంట్ సంస్థ వాటా అన్నీ కలిపి 40 శాతం పోతాయనుకుంటే, చేతికి మిగిలేది రోజుకు నెల అద్దెలో 6 శాతం. పన్నెండు నెలల అద్దెకు సమానం కావాలంటే ఏడాదిలో 200 రోజులు నిండాలి. అంటే 55 శాతం ఆక్యుపెన్సీ. జనం ఏడాది పొడవునా వచ్చిపోయే నగరంలో ఇది దాటడం పెద్ద కష్టమేమీ కాదు. దాటిన ప్రతి రోజూ అదనపు లాభమే. పైగా ఓనరు తనకు కావాల్సినప్పుడు ఇల్లు వాడుకోవచ్చు, అమ్మాలనుకుంటే ఖాళీ చేయించే తలనొప్పి లేదు.

ఈ 200 అనే అంకెను గుర్తుపెట్టుకుని చట్టాలు చూడండి. లండన్‌లో 2015 నుంచి ఒక ఇంటిని రోజు అద్దెకు ఇవ్వడానికి ఏడాదికి 90 రోజుల పరిమితి. పారిస్ 120 నుంచి 2025లో 90కి దిగింది. ఆమ్‌స్టర్‌డామ్ 60 నుంచి 2019లో 30కి దిగింది. 90 రోజులంటే పై లెక్కన అయిదున్నర నెలల అద్దె కూడా రాదు కాబట్టి ఓనరు బుద్ధిగా నెల అద్దెకు ఇచ్చేస్తాడని శాసనకర్తల నమ్మకం. ఇక్కడే బోల్తా పడుతున్నారు. సీజన్‌లో రోజు అద్దె రెట్టింపవుతుందనుకుందాం. ఆ 90 రోజులూ సీజన్‌లోనే అమ్ముకుంటే చేతికొచ్చేది 10.8 నెలల అద్దె. మిగిలిన తొమ్మిది నెలలు ఏ విద్యార్థికో, కాంట్రాక్టు ఉద్యోగికో ఇచ్చి, సీజన్ రాగానే పంపించేస్తే పరిమితి ఉన్నా ఓనరుకు రెండు పంటలు. ఆ తొమ్మిది నెలల కిరాయిదారుడికి మాత్రం ఏటా సామాను సర్దుకోవడమే బతుకు. సీజన్ ఊళ్లలో 90 రోజులనేది పరిమితి కింద లెక్కకే రాదు. అక్కడ 30 పెడితేనే, రెట్టింపు రేటుకు కూడా 3.6 నెలల అద్దె దగ్గర ఆగిపోతుంది.

అసలు ఆ రోజులను లెక్కపెట్టేదెవరు? ఒక ప్లాట్‌ఫామ్‌లో 90 నిండగానే అదే ఇల్లు ఇంకో ప్లాట్‌ఫామ్‌లో ప్రత్యక్షమవుతుంది. లేదా అదే సైట్‌లో కొత్త ఫొటోలతో, భార్య పేరుతో, 'తోట వైపు గది' అన్న కొత్త శీర్షికతో వస్తుంది. పరిమితి లిస్టింగుకు పడుతోంది తప్ప ఇంటికి పడటం లేదు.

ఎదుటివాళ్ల మాటా వినాలి. ఇళ్లు కట్టకపోవడమే అసలు రోగం, న్యూయార్క్‌లో లిస్టింగులు కూలిపోయినా అద్దెలు దిగలేదు, ఖాళీ గది ఇచ్చుకుని అప్పు తీర్చుకునే మధ్యతరగతి మీద ఎందుకు కక్ష అంటారు. ఇళ్లు కట్టాల్సిందే, కాదనను. కానీ ఇల్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది, దాన్ని రోజు అద్దెకు మార్చడానికి ఒక్క పూట చాలు. కొత్తగా కట్టినదీ అదే 200 రోజుల లెక్కలోకే పోతుంది. న్యూయార్క్‌లో చాలా లిస్టింగులు నెల అద్దెకు రాలేదు, చట్టం తాకని 30 రోజుల పైబడిన బసలుగా మారాయి. అది సందు మూయని తప్పు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో పట్టణాలు నిబంధనలు పెట్టినచోట లిస్టింగులు సగానికి పడిపోయి, అద్దెలూ ధరలూ 2 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. ఇక ఖాళీ గది ఇచ్చుకునేవాళ్ల జోలికి పోనక్కర్లేదు. ఇంటివాళ్లు అక్కడే ఉంటూ ఇద్దరు అతిథుల వరకు పెట్టుకోవచ్చని న్యూయార్క్ చట్టమే చెబుతోంది.

ఆ చట్టంలో మెచ్చుకోవాల్సింది మరొకటి ఉంది. ఇన్‌స్పెక్టర్లు తలుపులు కొడుతూ తిరగడం మీద అది ఆధారపడలేదు. నగరం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు సరిచూడకుండా ప్లాట్‌ఫామ్ ఆ బుకింగ్ డబ్బు తీసుకోకూడదు. డబ్బు దారికే గేటు పెట్టారు. నంబరు ఉండాలి అని మాత్రమే చెప్పి వదిలేస్తే ఏమవుతుందో స్పెయిన్ చూసింది. 2025 మేలో అక్కడి మంత్రిత్వశాఖ ఒక్క ఎయిర్‌బీఎన్‌బీకే 65 వేలకు పైగా లిస్టింగులు తీసేయమని ఆదేశించింది. కొన్నింటికి నంబరు లేదు, కొన్నింటి నంబరు తప్పు, కొన్నింటిలో ఓనరు వ్యక్తో సంస్థో కూడా రాయలేదు. ఖాళీ గడిలో ఏ అంకెలు కొట్టినా సైట్ ఒప్పేసుకుంటే అది రిజిస్ట్రేషన్ కాదు. నంబరు వ్యక్తికి కాక ఇంటి చిరునామాకు ముడిపడాలి. ఏ ప్లాట్‌ఫామ్‌లో ఎన్ని రోజులు నిండాయో ఆ నంబరు కింద కూడాలి. 2026 మే 20 నుంచి వర్తించే యూరోపియన్ యూనియన్ నిబంధన పెద్ద ప్లాట్‌ఫామ్‌లు ఈ వివరాలను నెలనెలా అప్పగించాలంటోంది. మొదట్లో చెప్పిన భాగహారంలో లవం, అంటే రోజు అద్దె ఇళ్ల అసలు లెక్క, నగరం చేతికొస్తుంది.

ఇంతవరకూ అద్దె గురించే మాట్లాడుకున్నాం. నన్ను ఎక్కువ కలవరపెట్టేది కొనుగోలు ధర. బార్సిలోనా పరిశోధనలోనే అద్దె 1.9 శాతం పెరిగితే అమ్మకపు ధర 4.6 శాతం పెరిగింది. లిస్టింగులు దట్టంగా ఉన్నచోట 7కి ఎదురుగా 17. అమెరికాపై జరిగిన పరిశోధనలోనూ లిస్టింగులు ఒక శాతం పెరిగితే అద్దె 0.018 శాతం, ధర 0.026 శాతం పెరిగాయి. ఈ రెండుచోట్లా ధరే ముందు పరుగెడుతోంది. కారణం సూటిగానే ఉంది. రోజు అద్దెకు ఇచ్చుకోగల అవకాశానికి ఇప్పుడే వెల కట్టి ఇంటి ధరలో కలిపేస్తున్నారు, రేపు ఓనరు ఇచ్చినా ఇవ్వకపోయినా సరే. అక్కడ కాపురం ఉండాలని కొనే కుటుంబం కూడా, తాను ఎప్పటికీ చేయని వ్యాపారపు లాభానికి ముప్పై ఏళ్లు కిస్తీలు కడుతుంది.

దీనికి వత్తాసు పలుకుతున్నది అప్పిచ్చేవాళ్లు. అమెరికాలో కొన్ని రుణాలకు కొనేవాడి జీతం చూడరు. ఇంటికొచ్చే అద్దె నెల కిస్తీకి సరిపోతుందా అన్నదే చూస్తారు. ఆ అద్దెను రోజు అద్దె అంచనాలతో లెక్కగట్టే సంస్థలూ ఉన్నాయి. ఒక పక్క ఆ ఊళ్లో పనిచేసే నర్సు తన జీతాన్ని చూపించి వేలానికి వస్తుంది. ఇంకో పక్క ఎక్కడెక్కడి సందర్శకులో రాబోయే పదేళ్లలో సెలవుల మీద పెట్టబోయే ఖర్చును చూపించి ఇంకొకడు వస్తాడు. బార్సిలోనా తన 10,101 పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరుతో ముగిస్తానని ప్రకటించడం నాకు అందుకే నచ్చింది. రేపు ఉండదని తెలిసిన ఆదాయాన్ని ఎవరూ ధరలో కలపలేరు. రుణ నియంత్రణ సంస్థలు కూడా ఒక్క వాక్యం రాస్తే చాలు: నివాస గృహం మీద అప్పు ఇచ్చేటప్పుడు ఆదాయంగా చూపించే అద్దె, ఆ పేటలో పన్నెండు నెలల ఒప్పందానికి వచ్చే అద్దెను మించకూడదు.