తాడు ఒక్కటే, ఎక్కేవారు వందలు

ఎవరెస్టు ఎక్కే విదేశీయులకు వసంతకాలపు పర్మిట్ రుసుమును నేపాల్ 2025 సెప్టెంబరు 1 నుంచి 11 వేల డాలర్ల నుంచి 15 వేలకు పెంచింది. దీంతో రద్దీ తగ్గుతుందనుకోవడం భ్రమ. ఒక యాత్రకు అంతకు ఎన్నో రెట్లు ధారపోసేవారు మరో నాలుగు వేలకు వెనకాడరు. ఖజానాకు లాభమే, కాదనం. శిఖరానికి ఒరిగేదేమిటి?

ఇరుకు ఎక్కడ వస్తుందో కొండ తెలిసినవారికి తెలుసు. ఏడాదిలో ఎక్కువ రోజులు శిఖరాన్ని జెట్ స్ట్రీమ్ గాలులు, అంటే చాలా ఎత్తున అతివేగంగా వీచే గాలులు, కొడుతుంటాయి. మే రెండో సగంలో అవి పక్కకు జరిగి తెరిపినిచ్చేది కొన్ని రోజులే. వాతావరణ సూచనలు అందరికీ ఇంచుమించు ఒకటే కనుక సుమారు 7,900 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ కోల్ (నేపాల్ వైపు దారిలో చివరి శిబిరం ఉండే కనుమ) నుంచి అందరూ అదే రాత్రి బయలుదేరతారు. అక్కడి నుంచి పైకి షెర్పాలు బిగించిన తాడే ఆధారం. దానికి జుమార్ (పైకే జరిగి, కిందకు జారకుండా తాడును పట్టే పరికరం) తగిలించి ఎక్కుతారు. ముందున్న ఒక్కరు ఆగితే వెనక వరసంతా ఆగుతుంది. దాటిపోవాలంటే తాడు నుంచి క్లిప్పు విప్పాలి, ఆ క్షణంలో కాలు జారితే పట్టు ఉండదు. పైగా దిగేవారు అదే తాడు మీద ఎదురొస్తుంటారు.

ఇక ఆక్సిజన్. నాలుగు లీటర్ల సిలిండరును 300 బార్ల ఒత్తిడితో నింపితే దాదాపు 1,200 లీటర్ల వాయువు పడుతుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పది గంటలు, నాలుగైతే ఐదే గంటలు. వరసలో నిలబడినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. కదలిక లేక కాలివేళ్లు గడ్డకడతాయి. దిగడానికి దాచుకున్నది ఎక్కేటప్పుడే అయిపోతుంది. 2019 మేలో ఆ వరసల ఫొటోలను ప్రపంచమంతా చూసింది. అయినా 2023లో నేపాల్ ఇచ్చిన పర్మిట్లు 478.

ముందే 7,000 మీటర్ల శిఖరం ఎక్కి ఉండాలన్న నేపాల్ ప్రతిపాదన సబబే. దక్షిణ అమెరికాలోని అకొంకాగువా (6,961 మీ.) కూడా దానికి చాలదు. కానీ ఆ శిఖరం నేపాల్‌లోనిదే కావాలనడంలో భద్రత కన్నా వ్యాపారమే కనిపిస్తోంది. లద్దాఖ్‌లోని నన్ (7,135 మీ.) ఎక్కినవారి అనుభవం అనుభవం కాదా?

ఎవరెస్టుకు నేపాల్ నుంచీ టిబెట్ నుంచీ దారులున్నాయి. ఒకవైపే నిబంధన పెడితే జనం రెండోవైపు తిరుగుతారు. నేపాల్‌లో కనీస వయసు 16 కావడంతో 13 ఏళ్ల మాలావత్ పూర్ణ 2014లో టిబెట్ వైపు నుంచి ఎక్కింది. భువనగిరి కొండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందింది కనుక నెగ్గుకొచ్చింది. శిక్షణ లేని పెద్దలను మాత్రం వయసు నిబంధన ఆపలేదు.

శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లని నేపాల్, చైనా 2020లో కలిసి ప్రకటించాయి. అలాగే అర్హతలనూ కలిసి ఖరారు చేయాలి. పర్మిట్లకు పరిమితి పెట్టాలని నేపాల్ సుప్రీంకోర్టు 2024లోనే ఆదేశించింది. సీజనంతటికీ ఒక సంఖ్య చాలదని మా అభిప్రాయం. తెరిపి దొరికిన ఒక్కో రాత్రి సౌత్ కోల్ నుంచి ఎందరిని, ఏ బృందం తర్వాత ఏ బృందాన్ని వదలాలో బేస్ క్యాంపులోనే అధికారులు రాసి పెట్టాలి. ఆ వరుస తప్పిన సంస్థకు మరుసటి ఏడాది పర్మిట్ ఇవ్వకూడదు.